ఒకే బెంచీ, వేరు వేరు ఖర్చులు

కేంద్రీయ విద్యాలయంలో పక్కపక్కన కూర్చునే ఇద్దరం కట్టే ఫీజులో పెద్ద తేడా ఉండదు. విద్యాలయ వికాస్ నిధి నెలకు 500 రూపాయలు. తొమ్మిది, పది తరగతుల్లో మగపిల్లలకు ట్యూషన్ ఫీజు మరో 200. అయినా మన చదువులకు ఇళ్లలో అయ్యే ఖర్చు ఒక్కటి కాదు.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. చాలామంది పెద్దలు శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చినవారే. జంగ్లీఘాట్‌లో వేట మీద బతికే ఇంటికి డబ్బు ఏ రోజుకారోజు వస్తుంది, గాలివాన పడితే రాదు. ఫీజు మాత్రం మూడు నెలలకోసారి గడువులోగా కట్టాలి. అందుకే చిన్న మొత్తానికీ చేబదులు తప్పదు.

క్వార్టర్స్‌లో ఉండే కేంద్ర ఉద్యోగి ఇంట్లో లెక్క వేరు. ఇద్దరు పిల్లల వరకు ఒక్కొక్కరికి నెలకు 2,250 రూపాయల విద్యా భత్యం ఉండేది. 2024 జనవరి నుంచి అది 2,812.50 అయింది. బడికి కట్టేదానికన్నా చేతికి వచ్చేదే ఎక్కువ! మాలో కొందరం ఆ ఇళ్ల పిల్లలమే, భత్యం వద్దనడం లేదు. కానీ ఆ మిగులే ట్యూషన్ అవుతుంది, ట్యాబ్ అవుతుంది.

2025 జాతీయ సర్వేలో దేశంలో నూటికి 27 మంది విద్యార్థులు ప్రైవేటు కోచింగ్‌కు వెళ్తున్నారని తేలింది. కోచింగ్‌కు పట్టణాల్లో సగటున ఏడాదికి 3,988 రూపాయలు, పల్లెల్లో 1,793. అమెరికాలోనూ ఇదే కథ. 2005-06లో అక్కడి సంపన్న కుటుంబాలు పిల్లల అదనపు నేర్పుకు ఏటా దాదాపు 8,900 డాలర్లు పెడితే, పేద కుటుంబాలు 1,300 పెట్టాయి.

తక్కువ పెట్టినవారికి చదువంటే పట్టదని అనుకోకూడదు. నెలకు 10,000 వచ్చే ఇల్లు 1,000 పెడితే పదో వంతు. లక్ష వచ్చే ఇల్లు 5,000 పెడితే ఇరవయ్యో వంతే.

జాతి తేడా కూడా ఉంది. బ్రిటిష్ కాలంలో అడవి పనులకు ఛోటానాగపూర్ నుంచి తెచ్చినవారిని ఇక్కడ రాంచీవాళ్లు అంటారు. ఝార్ఖండ్‌లో ఉరావ్, ముండాలు షెడ్యూల్డ్ తెగలు. మన దీవుల జాబితాలో నికోబారీలు ఉన్నారు, వీరు లేరు. ఒకే పేదరికమైనా రాయితీ ఒకరికి అందుతుంది, ఇంకొకరికి అందదు.

విద్యాహక్కు చట్టం కింద ఒకటో తరగతిలో పావు వంతు సీట్లలో చేరిన పిల్లలకు ఎనిమిదో తరగతి దాకా చదువు ఉచితం. తొమ్మిదిలో ఫీజు మొదలవుతుంది. ట్యూషన్ల అవసరం పెరిగేదీ అప్పుడే. ఆ తర్వాత నీట్ కోచింగ్‌కని విశాఖ పంపాలంటే రెండు రోజులకు పైగా ఓడ ప్రయాణం, పైన హాస్టల్ ఖర్చు.