విత్తనాలు, మందుల దుకాణం పెట్టదలచిన వారికి

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలో వానాకాలం రాకముందే మండల కేంద్రంలో ఒక గది అద్దెకు తీసుకుని విత్తనాలు, ఎరువులు, పురుగు మందులు అమ్ముదామనుకునే యువకులు కొందరుంటారు. మంచి ఆలోచనే. అయితే సరుకు కంటె ముందు కాగితాలు సమకూర్చుకోవలెను.

దుకాణం ఒకటే గాని లైసెన్సులు మూడు. విత్తనాలకు 1983 నాటి ఉత్తర్వు, ఎరువులకు 1985 నాటి ఉత్తర్వు, పురుగు మందులకు 1968 నాటి చట్టం. ఒకటి చేతిలో ఉన్నది గదా అని మిగతావి అమ్మరాదు. ఎరువుల కంపెనీ నుండి ఓ-ఫారం, మందుల కంపెనీ నుండి ప్రిన్సిపల్ సర్టిఫికెట్ తెచ్చి లైసెన్సులో చేర్పించుకోవాలి. మందుల లైసెన్సుకు చదువు కూడా చూస్తారు. దుకాణదారుల కొరకు హైదరాబాదులోని మేనేజ్ సంస్థ 2003లో 48 వారాల ‘డేసీ’ డిప్లొమా మొదలుపెట్టింది. వారానికొక రోజు తరగతి గనుక కొట్టు మూయనక్కరలేదు.

“కిరాణా కొట్లోనే ఒక మూల మందు డబ్బాలు పెట్టుకుంటే తప్పేమిటండీ?” అని అడుగుతారు. తప్పే. తినే వస్తువులున్న చోట పంట మందులు ఉంచరాదు. 1958లో ఓడలో తినే సరుకుతో పాటు వచ్చిన పారాథియాన్ అనే మందు అందులో కలిసి, కేరళలో నూరుమందికి పైగా ప్రాణాలు విడిచారు. పదేళ్ళ తరువాత వచ్చిన చట్టం వెనుక ఆ చావులున్నాయి.

ఇక బిల్లు సంగతి. మన వైపు సగం బేరం అరువు మీదనే సాగుతుంది. పంట వచ్చినాక లెక్క చూసుకుందామంటారు. అరువుకిచ్చినా విత్తనానికి బిల్లు రాసి తీరాలి. రకం, కంపెనీ, లాటు నంబరు, ధర అందులో కనబడాలి. నిల్వ, ధరల బోర్డు గోడకు వేలాడాలి. గడ్డిమందు తట్టుకుంటుందని చాటుగా తెచ్చే పత్తి గింజలకు కేంద్రం అనుమతి లేదు. అందుకే వాటికి ఎవరూ బిల్లు ఇవ్వరు. నకిలీ విత్తనాల వ్యాపారుల మీద తెలంగాణలో పీడీ చట్టం కూడా ప్రయోగించారు.

కొనే రైతుకు ఆ చీటీయే ఆధారం. మొలక రాక నష్టపోయిన తెలుగు రైతుల వ్యాజ్యంలో 2012లో సుప్రీంకోర్టు, విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని, వినియోగదారుల ఫోరానికి పోవచ్చునని చెప్పింది. కొన్న గింజలన్నీ విత్తేవానిని, పరీక్షకు కొన్ని దాచలేదేమని అడగడం న్యాయం కాదన్నది. అయినా ఖాళీ సంచి, దాని ట్యాగు, బిల్లు పంట ఇంటికి చేరేదాకా పారవేయకండి. మొలక తప్పితే, చేను దున్నకముందే వ్యవసాయాధికారిని పిలిచి చూపండి.

గ్రామ విస్తరణ కార్యకర్తలకు ఒక మాట. దుకాణానికి వెళ్ళినప్పుడు వెనుక అర చూడండి. గడువు తీరిన మందును ‘అమ్మకానికి కాదు’ అని ముద్ర వేసి వేరుగా ఉంచాలి. ముందు వరుసలో కనబడితే ఆ పూటే తీయించండి.