మనసు బరువుకు కొలత ఉందా?



ఇంట్లో ఎవరికైనా ఒళ్ళు కాలితే మనం థర్మామీటరు పెట్టి చూస్తాం. 99 ఉంటే కషాయం కాచి ఇస్తాం, 103 ఉంటే ఆసుపత్రికి పరుగెత్తుతాం. జ్వరం ఉందా లేదా అని మాత్రమే కాదు, ఎంత ఉందో కూడా అడుగుతాం. మరి మనసు కుంగిన మనిషి విషయంలో మనం చేసేదేమిటి? 'పిచ్చి పట్టింది' అంటాం, లేకపోతే 'ఏమీ లేదు, ఊరికే దిగులు' అంటాం. ఈ రెంటి నడుమ ఎన్ని మెట్లున్నాయో చూడం.

వైద్యులకూ ఈ చిక్కు ఉంది. అమెరికా మనోవైద్యుల సంఘం నియమం ప్రకారం కుంగుబాటు వ్యాధి అని తేల్చాలంటే 9 లక్షణాల్లో కనీసం 5 రెండు వారాలపాటు ఉండాలి. నాలుగే ఉన్న తల్లి మాటేమిటి? నిద్ర పట్టక, అన్నం సహించక ఆమె నలిగిపోతున్నా ఆ పేరు కిందికి రాదు. అందుకే గీత గీయడంతో సరిపెట్టక, బాధ ఎంత ఉందో కొలిచే సాధనాలు కావలసి వచ్చాయి.

కొలత ఎలా తయారైంది?

అటువంటి సాధనాల్లో ఎక్కువగా వాడేది పి.హెచ్.క్యు.-9. స్పిట్జర్, క్రోంకే, విలియమ్స్ అనేవారు అమెరికాలో దీనిని రూపొందించారు. గడచిన రెండు వారాల్లో నిద్ర, ఆకలి, అలసట, పనిమీద ఆసక్తి, తనమీద తనకు చిన్నచూపు వంటివి ఎలా ఉన్నాయని 9 ప్రశ్నలు అడుగుతారు. అసలు లేదంటే 0, కొన్ని రోజులుంటే 1, సగానికి పైగా రోజులుంటే 2, దాదాపు రోజూ ఉంటే 3. మొత్తం 27. అయిదు నుండి స్వల్పం, 10 నుండి మధ్యస్థం, 20 నుండి తీవ్రం.

ప్రశ్నలు రాసినంత మాత్రాన కొలత కాదు. 2001లో ప్రచురించిన పరిశీలనలో 6,000 మంది రోగులు పాల్గొన్నారు. వారిలో 580 మందితో మానసిక ఆరోగ్య నిపుణులు విడిగా మాట్లాడి, ఆ తీర్పును మార్కులతో సరిచూశారు. త్రాసును నిజమైన రాళ్ళతో పరీక్షించినట్టన్నమాట.

భాష మారితే మళ్ళీ పరీక్ష కావాలి. మన పల్లెల్లో ఎవరూ 'నాకు డిప్రెషన్' అనరు. 'గుండె దడ', 'ఒళ్ళు బరువు', 'మనసు బాగోలేదు' అంటారు. ఆ మాటలు అందుకోలేని ప్రశ్న ఎంత శాస్త్రీయమైనా మనకు పనికిరాదు. పశ్చిమ గోదావరి జిల్లా పల్లెల్లో గత దశాబ్దంలో ఆశా కార్యకర్తలు ట్యాబ్లెట్ పట్టుకొని ఇంటింటా ఇటువంటి ప్రశ్నలే అడిగి, అవసరమైనవారిని వైద్యుల వద్దకు పంపారు.

ఈ ఆలోచన ఇక్కడితో ఆగలేదు. 2022 జనవరిలో అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో వ్యక్తిత్వ రుగ్మతలను కూడా స్వల్పం, మధ్యస్థం, తీవ్రం అని స్థాయిలుగా చూస్తున్నారు.

మనం చేయవలసినది

అంకె తీర్పు కాదు, వ్యాధిని తేల్చేది వైద్యుడే. అయితే నెల క్రితం 18 ఉన్నది ఇప్పుడు 9 అయితే వైద్యం పనిచేస్తున్నదని రోగికీ ఇంటివారికీ ధైర్యం. ఒక్క ప్రశ్న మాత్రం లెక్క కోసం ఆగదు. 'చచ్చిపోతే బాగుండు' అనే తలంపు కొద్ది రోజులే ఉన్నా, మొత్తం ఎంత తక్కువ వచ్చినా, వెంటనే సహాయం కావాలి. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి, మందలించకండి, అడ్డు తగలకుండా వినండి. 2022లో ప్రారంభమైన టెలి-మానస్ 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఈ రాత్రి భోజనాల దగ్గర ఇంట్లో వారిని అడుగుదాం: 'ఈ మధ్య నిద్ర పడుతున్నదా?'