మిషను చూపిన అంకెను ఎంతవరకు నమ్మొచ్చు?

సైటులో వెల్డింగు కాగానే ఎన్డీటీ వాళ్లు చిన్న పెట్టె పట్టుకుని వస్తారు. జాయింటు మీద జెల్ రాసి ప్రోబ్ జరుపుతారు. తెర మీద బొమ్మ వస్తుంది. కాసేపట్లో ఓకేనో, రిపేరో తేలిపోతుంది. వెల్డరు పేరు, ఆ పైపు పక్కన పనిచేసే వాళ్ల ప్రాణం రెండూ ఆ మాట మీదే ఉంటాయి. ఆ రిపోర్టులు టైపు చేసే ఆఫీసు క్లర్కులం మేము. అందుకే ఈ వారం ఆ అంకెల సంగతి.

అది ఫోటో కాదు

బావిలోకి కేక వేస్తే తిరిగి వినబడుతుంది కదా, ఇదీ అంతే. చెవికి అందని శబ్దం ఉక్కులోకి వెళ్లి, అవతలి గోడకో, మధ్యలోని పగులుకో తగిలి వెనక్కి వస్తుంది. ఉక్కులో శబ్దం వేగం సెకనుకు సుమారు 5,900 మీటర్లు. మిషను నిజంగా కొలిచేది సమయాన్నే. మందం లెక్క కట్టి చెబుతుంది.

ఎక్కడ తేడా వస్తుంది?

మొదటిది వేడి. ఉక్కు 55 డిగ్రీలు వేడెక్కితే శబ్దం వేగం సుమారు 1 శాతం తగ్గుతుంది. అప్పుడు 10 మిల్లీమీటర్ల పైపు 10.1 అని చూపిస్తుంది. ఏడాదికి 0.1 మి.మీ. తినే తుప్పయితే, ఒక ఏడాది అరుగుదల రిపోర్టులో కనబడదు. ఒమన్ 1967లో మీనా అల్ ఫహల్ నుంచి చమురు ఎగుమతి మొదలుపెట్టింది. ఇన్నేళ్ల చమురు రంగంలో పాత లైన్లకు ఈ చిన్న తేడా చిన్నది కాదు.

రెండోది రంగు. మామూలు మిషను రంగు పొరను కూడా ఉక్కుగానే లెక్కేసి, మందం ఎక్కువ చూపుతుంది.

మూడోది కోణం. పగులు అంచు వైపు నుంచి శబ్దం పోతే ప్రతిధ్వని సరిగా తిరిగి రాదు. లోపం ఉన్నా తెర ఖాళీగా ఉంటుంది.

మనిషిని బట్టి కూడా ఫలితం మారుతుంది. 1970లలో 'పిస్క్' అనే కార్యక్రమంలో ఒకే ఉక్కు పలకలను ఐరోపాలోని అనేక బృందాల చేత పరీక్ష చేయించారు. తర్వాత పలకలు కోసి చూశారు. ఒకరి ఫలితం ఒకరితో కలవలేదు. పెద్ద లోపాలు కూడా కొందరికి దొరకలేదు.

మనం చేయగలిగింది

కొట్లో కాటాకు తూకం రాయి ఎలాగో, ఈ మిషనుకు కాలిబ్రేషన్ బ్లాక్ అలాగ. మందం ముందే తెలిసిన ఉక్కు ముక్క అది. పైపు ఏ లోహమో బ్లాకూ అదే కావాలి. పని ముందూ, తర్వాతా దాని మీద సరిచూడాలి.

హెల్పర్లూ, తుప్పు, చిప్పర్లు, ఊడే రంగు శుభ్రంగా గీకండి. మీ చేతి పని మీదే సగం రీడింగు ఆధారపడుతుంది. వెల్డర్లూ, జాయింటు రిజెక్టయితే లోపం ఎక్కడ, ఎంత లోతులో ఉందో గుర్తు పెట్టించుకోండి. అనుమానం ఉంటే బ్లాక్ మీద చూసి మళ్లీ కొలవమని సూపర్‌వైజరును మర్యాదగా అడగండి. ఓకే అన్న జాయింటు మీద అనుమానం వచ్చినా అలాగే అడగండి. అందులో తప్పేమీ లేదు.