టికెట్ పోరులో మొగ్గు ఎవరిది? బోధన్, ఇందూరు చూపే లెక్క

2023 తెలంగాణ శాసనసభ ఎన్నికల పోలింగ్ నవంబరు 30న జరిగింది. దానికి 101 రోజుల ముందే, ఆగస్టు 21న, బీఆర్‌ఎస్ 115 మంది పేర్లను ఒకేసారి ప్రకటించింది. బోధన్‌లో షకీల్ ఆమిర్‌కు, నిజామాబాద్ అర్బన్‌లో బిగాల గణేశ్ గుప్తాకు మళ్లీ టికెట్లు వచ్చాయి. ఇద్దరూ సిట్టింగులే. బోధన్‌లో కాంగ్రెస్ అభ్యర్థిగా సుదర్శన్ రెడ్డి పేరు అక్టోబరు 15న, అంటే 46 రోజుల ముందు ఖాయమైంది. అర్బన్‌లో బీజేపీ ధన్‌పాల్ సూర్యనారాయణ పేరును అక్టోబరు 22న, 39 రోజుల ముందు ప్రకటించింది. అదే అర్బన్‌లో కాంగ్రెస్ పక్షాన షబ్బీర్ అలీ పేరు బయటికొచ్చేసరికి నవంబరు 6. నామినేషన్ల గడువుకు నాలుగు రోజులు, పోలింగ్‌కు 24 రోజులు మిగిలాయి.

ముందుగా టికెట్ దక్కినవాడిదే గెలుపని మన దగ్గర గట్టి నమ్మకం. 101 రోజులు చేతిలో ఉన్న ఆ ఇద్దరూ ఓడిపోయారు. అర్బన్‌లో గణేశ్ గుప్తాకు మూడో స్థానం దక్కింది.

ఎన్నికలొస్తే ఇందూరులో (నిజామాబాద్‌లో), బోధన్‌లో చాయ్ హోటళ్ల దగ్గర అందరూ వాదించుకునేది ఒకటే: ఈ పార్టీలో టికెట్ ఎవరికి, ఎవరికి మొగ్గుంది? అమెరికాలో ఇలాంటి వాదనను తేల్చడానికి ప్రైమరీ అనే లోపలి ఎన్నిక ఉంది. పార్టీ వైపు మొగ్గే సామాన్య ఓటర్లే బ్యాలెట్ వేసి అభ్యర్థిని ఎంచుకుంటారు. మన దగ్గర అభ్యర్థిని నిర్ణయించేది కమిటీ. కాబట్టి ఫలితాల తర్వాత మనకు ప్రతి ఓటూ తెలుస్తుంది కానీ, టికెట్ ఇచ్చిన రోజు ఎవరి బలం ఎంతో చెప్పే అంకె ఒక్కటీ దొరకదు.

దొరికిన కొద్దిపాటి లెక్కతోనే మొదలుపెడదాం. 2023 ఆగస్టు 18 నుంచి 25 దాకా తెలంగాణ కాంగ్రెస్ దరఖాస్తులు తీసుకుంది. జనరల్ అభ్యర్థులకు 50 వేలు, ఎస్సీ, ఎస్టీలకు 25 వేలు రుసుము. 119 స్థానాలకు 1,006 దరఖాస్తులొచ్చాయి. సగటున ఒక్కో సీటుకు ఎనిమిదిన్నర. అవి ప్రదేశ్ ఎన్నికల కమిటీకి, ఆ తర్వాత కె. మురళీధరన్ అధ్యక్షతన ఉన్న స్క్రీనింగ్ కమిటీకి, చివరికి ఢిల్లీలోని కేంద్ర ఎన్నికల కమిటీకి వెళ్లాయి. మధ్యలో సర్వేలు నడిచాయి. ఏ సర్వేలో ఎవరికి ఎంత వచ్చిందో రుసుము కట్టిన మనిషికి కూడా చెప్పలేదు. పదేళ్లు జెండా మోసిన మండల కార్యకర్తకు ఆ పేర్ల మీద ఓటు లేదు. నాకు బాధ కలిగించేది ఇదే.

బోధన్‌లో కాంగ్రెస్ టికెట్ ఎవరిదన్న చర్చ పెద్దగా సాగలేదు. మొదటి జాబితాలోని 55 పేర్లలోనే సుదర్శన్ రెడ్డి పేరుంది. కారణం పాత అంకెల్లోనే కనిపిస్తుంది. ఆయన 1999, 2004, 2009లో వరసగా గెలిచి, మంత్రిగా పనిచేసి, 2014లో షకీల్ చేతిలో దాదాపు 16 వేల ఓట్లతో ఓడారు. 2018లో అదే ప్రత్యర్థి చేతిలో మళ్లీ ఓడారు కానీ తేడా 8 వేల పైచిలుకుకు, అంటే సగానికి తగ్గింది. వరసగా రెండుసార్లు ఓడినవాడికి మూడోసారి టికెట్ ఎందుకని అడగడం న్యాయమే. అయితే రాష్ట్రమంతటా టీఆర్‌ఎస్ (తర్వాత బీఆర్‌ఎస్‌గా మారిన పార్టీ) గాలి వీచిన ఏడాది తేడాను సగానికి దించిన మనిషిని పక్కనపెట్టాలంటే అంతకన్నా బలమైన అంకె చూపాలి. 2023లో ఆయన 3,062 ఓట్లతో గెలిచారు. మూడో స్థానంలో ఉన్న బీజేపీ అభ్యర్థికి పడ్డ ఓట్లు ఆ తేడాకు ఎన్నో రెట్లు. పేరును మూడు వారాలు ఆలస్యం చేసి ఉంటే ఆ 3,062 నిలిచేవా? కచ్చితంగా చెప్పలేం. అయినా ఇంత సన్నటి తేడాలో ఒక్కో వారానికీ విలువ ఉంటుందనే నేను నమ్ముతాను.

బోధన్‌లో అభ్యర్థిని తూచే రాయి ఇంకొకటి ఉంది, శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ. నిజాం కాలంలో, 1930ల చివర్లో పుట్టిన ఆ చక్కెర కర్మాగారంలో 51 శాతం వాటా 2002లో ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో బోధన్‌తో పాటు ముత్యంపేట, ముంబోజిపల్లి యూనిట్లూ మూతపడ్డాయి. ఎడపల్లి, రెంజల్, నవీపేట మండలాల్లో ఒకప్పుడు చెరకు వేసిన చేలు వరికి మళ్లాయి. టీఆర్‌ఎస్ 2014లో ఫ్యాక్టరీని ప్రభుత్వం చేతికి తెస్తామని చెప్పి అధికారంలోకి వచ్చింది, ఆ హయాంలోనే అది మూతపడింది. సిట్టింగుకు ఉన్న అనుకూలతను ఆ మూత ఎంత తినేసిందో ఏ సర్వేలోనూ అచ్చు కాలేదు. కొత్త ప్రభుత్వం 2024 జనవరిలో మంత్రి శ్రీధర్‌బాబు అధ్యక్షతన ఫ్యాక్టరీ పునరుద్ధరణకు కమిటీ వేసింది. రేపటి టికెట్ చర్చలో కూడా అక్కడివాళ్లు ముందు అడిగేది చిమ్నీ పొగ గురించే.

అర్బన్ సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. కాంగ్రెస్‌లో ఆశావహులకు కొదవ లేదు. 2014లో ఇక్కడ పోటీ చేసిన మహేశ్ కుమార్ గౌడ్, 2018లో పోటీ చేసి 46 వేల పైచిలుకు ఓట్లు తెచ్చుకున్న తాహెర్ బిన్ హందాన్, మాజీ మేయర్ ధర్మపురి సంజయ్ పేర్లు నెలల తరబడి నలిగాయి. చివరికి టికెట్ దక్కింది కామారెడ్డి నాయకుడు షబ్బీర్ అలీకి. కామారెడ్డిలో కేసీఆర్ దిగడంతో అక్కడికి రేవంత్ రెడ్డిని పంపారు. షబ్బీర్ అలీ తన సొంత చోటు వదిలి నిజామాబాద్‌కు రావాల్సి వచ్చింది. అంటే అర్బన్ టికెట్ ఎవరిదో తేలింది అర్బన్ లెక్కతో కాదు, 50 కిలోమీటర్ల అవతల మరో నియోజకవర్గం లెక్కతో. నగరంలో ఏళ్లుగా బూత్ కమిటీలు కట్టుకున్నవాళ్లకు ఈ మాట ఎంత చేదుగా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇక ఫలితం: ధన్‌పాల్ సూర్యనారాయణకు 75,240, షబ్బీర్ అలీకి 59,853, గణేశ్ గుప్తాకు 44,829. తేడా 15,387. స్థానికుడికి ఇచ్చి ఉంటే కాంగ్రెస్ గెలిచేదని కొందరు ఇప్పటికీ అంటారు. ఆ మాట ఒప్పుకునే ముందు ఇంకో అంకె చూడాలి. 24 రోజుల్లో, బయటి నుంచి వచ్చిన అభ్యర్థి, 2018లో పార్టీకి వచ్చినదానికన్నా దాదాపు 14 వేల ఓట్లు ఎక్కువ తెచ్చారు. అది ఆయన బలమా? రాష్ట్రమంతటా కాంగ్రెస్ ఓటు శాతం 28 నుంచి 39కి పెరిగిన ఏడాది అది. గాలి ఎంత, మనిషి ఎంత అని విడదీయడానికి ఒక్క ఎన్నిక ఫలితం చాలదు. కాంగ్రెస్, బీఆర్‌ఎస్ ఓట్లు కలిపితే 1,04,682 కాబట్టి బీజేపీ గెలుపు చీలిక వల్లేనన్న వాదన మరింత బలహీనం. గణేశ్ గుప్తాకు 2018లో దాదాపు 72 వేల ఓట్లు వచ్చాయి. అయిదేళ్లలో పోయిన ఆ 27 వేల ఓట్లన్నీ ఒకే దిక్కుకు వెళ్లలేదు. మిగిలిన 44 వేలు కూడా అభ్యర్థి లేకపోతే ఒకే దిక్కుకు వెళ్తాయని ఎలా అనుకుంటాం?

ఆ 2018 గెలుపులో గణేశ్ గుప్తా మెజారిటీ 25 వేలు దాటింది. 2023 ఆగస్టులో ఆయన పేరు ప్రశ్న లేకుండా ఖాయం కావడానికి ఆ అంకే అండ. టికెట్ లెక్కల్లో పార్టీలను ఎక్కువగా దారి తప్పించేది ఇలాంటి పాత మెజారిటీయేనని నా అభిప్రాయం. అది అయిదేళ్ల కిందటి మాట. ఆనాటి ప్రత్యర్థుల మీద, ఆనాటి గాలిలో వచ్చింది. బోధన్ విషయంలో ఉపయోగపడింది మెజారిటీ కాదు, రెండు ఎన్నికల మధ్య ఆ తేడా ఎటు కదిలిందన్నది.

పార్టీలు అడగకపోతే జనం తమ లెక్క తామే చెప్పిన ఉదాహరణా ఇక్కడే ఉంది. 2019 లోక్‌సభ ఎన్నికలో నిజామాబాద్‌లో 185 మంది పోటీ చేశారు. వారిలో 178 మంది పసుపు, ఎర్రజొన్న రైతులు. పసుపు బోర్డు, గిట్టుబాటు ధర వాళ్ల డిమాండ్లు. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. సిట్టింగ్ ఎంపీ కవిత 70,875 ఓట్లతో ధర్మపురి అరవింద్ చేతిలో ఓడారు.

లోపలి ఎన్నిక ప్రయత్నం మన దేశంలో జరగలేదని కాదు. 2014లో రాహుల్ గాంధీ చొరవతో కాంగ్రెస్ కొన్ని లోక్‌సభ స్థానాల్లో పార్టీ కార్యకర్తలతో అభ్యర్థిని ఎన్నిక చేయించింది. వడోదరలో ఆ పద్ధతిలో నరేంద్ర రావత్ ఎంపికయ్యారు. నరేంద్ర మోదీ అక్కడ పోటీ చేస్తారని తేలాక ఆయన తప్పుకుని మధుసూదన్ మిస్త్రీకి చోటిచ్చారు. ప్రైమరీలో దక్కిన టికెట్ కూడా పై నుంచి వచ్చే లెక్క ముందు నిలవలేదు.

అలాగని ప్రైమరీలో అందరికీ సమాన అవకాశం ఉంటుందనుకోవడం పొరపాటు. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2018 జూన్‌లో మేరీల్యాండ్ 6వ జిల్లా నుంచి అమెరికా ప్రతినిధుల సభకు డెమొక్రటిక్ ప్రైమరీలో పోటీ చేశారు. రాష్ట్ర శాసనసభలో ఏడేళ్లకు పైగా పనిచేసిన అనుభవం ఆమెది. ప్రత్యర్థి డేవిడ్ ట్రోన్ మద్యం దుకాణాల వ్యాపారి, కోటి డాలర్లకు పైగా సొంత సొమ్ము పెట్టారు. ఆయనకు 40 శాతం, ఆమెకు దాదాపు 31 శాతం వచ్చాయి. డబ్బు మొగ్గు అక్కడా ఉంది. కాకపోతే ఎవరు ఎంత పెట్టారో ఓటు వేయకముందే అభ్యర్థులు దాఖలు చేసిన పత్రాల్లో ఓటరు చూసుకోవచ్చు. ఓడిన అరుణా మిల్లర్‌కు తన వెనుక ఎంతమంది ఉన్నారో తెలిసింది. 2023 జనవరిలో ఆమె అదే రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు.

మన చట్టం పార్టీలను లోపలి ఎన్నికతో అభ్యర్థిని ఎంచుకోమని చెప్పదు. దీనికి కాస్త దగ్గరగా వచ్చింది సుప్రీంకోర్టు. 2020 ఫిబ్రవరి 13న ఇచ్చిన ఆదేశంలో, క్రిమినల్ కేసులు పెండింగ్‌లో ఉన్న వ్యక్తికి టికెట్ ఇస్తే ఎందుకిచ్చారో పార్టీ ప్రచురించాలని చెప్పింది. అతని అర్హతలు, చేసిన పని, యోగ్యత చూపాలి, గెలిచే అవకాశం ఉందన్నది ఒక్కటే కారణంగా చెల్లదు. నాకు తెలిసినంతలో దేశంలో టికెట్ ఇవ్వడానికి రాతపూర్వక కారణం అడిగే నియమం ఇదొక్కటే. అది కూడా కేసులున్న అభ్యర్థి విషయంలోనే. టికెట్ దక్కినవాడి మీద కేసులు లేకపోతే, రుసుము కట్టి దరఖాస్తు పెట్టుకున్న మిగతా మనిషిని ఎందుకు పక్కన పెట్టారో చెప్పాల్సిన బాధ్యత ఇప్పటికీ ఏ పార్టీ మీదా లేదు.