కలిసి బతకడం రాసిపెట్టుకుందాం

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. పదిమంది కలిసి ఇళ్ళు కట్టుకుంటే ఎలా ఉంటుందో మాత్రం చెప్పలేదు. చంద్రపూర్, బల్లార్పూర్‌ల మధ్యనున్న మా విసాపూర్ వైపు తెలుగు కుటుంబాల్లో ఇప్పుడు ఆ మాటే నడుస్తోంది.

1929లో కాజీపేట–బల్లార్షా రైలు మార్గం పూర్తయ్యాక మనవారికి ఈ ప్రాంతం దగ్గరైంది. బొగ్గు గనులు, కాగితం మిల్లు ఎన్నో కుటుంబాలను ఇక్కడికి రప్పించాయి. క్వార్టర్లలో గోడ మీదుగా పచ్చడి గిన్నెలు మారాయి. ఒకరింట్లో జ్వరమొస్తే పక్కింట్లో చారు కాగింది. కానీ పదవీ విరమణతో క్వార్టరు ఖాళీ చేయాలి. సొంతూళ్ళో పలకరించేవారు తగ్గారు, పిల్లలు దూర నగరాల్లో స్థిరపడ్డారు. నలుగురం కలిసి స్థలం కొనుక్కుంటే ఏం అనే ఆలోచన అక్కడే పుడుతుంది.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. డెన్మార్క్‌లో 1972లో సెట్టెడామెన్ అనే చోట కొన్ని కుటుంబాలు ఇలాగే స్థిరపడ్డాయి. ఎవరి ఇల్లు, ఎవరి వంటగది వారిదే. భోజనశాల, ఆటస్థలం వంటివి అందరివీ. దీన్నే కోహౌసింగ్ అంటున్నారు. క్యాథ్రిన్ మెకమంట్, చార్ల్స్ డ్యూరెట్ అనే అమెరికన్ దంపతులు అలాంటి కాలనీలను స్వయంగా చూసి, అక్కడివారు ఎలా బతుకుతున్నారో 1988లో పుస్తకంగా రాశారు. 1991లో కాలిఫోర్నియాలోని డేవిస్‌లో మ్యూర్ కామన్స్ వెలిసింది. ఒక దేశపు అనుభవం కాగితం మీదికి ఎక్కింది కాబట్టే ఇంకో దేశానికి దారి దొరికింది.

మన దగ్గర ఉదాహరణలు లేవా? సోలాపూర్ బీడీ కార్మికులను చూడండి. వారిలో మన పద్మశాలి ఆడపడుచులు ఎందరో. నరసయ్య ఆడం నాయకత్వంలో సహకార సంఘం పెట్టుకుని, ప్రభుత్వాల సాయానికి తమ వాటా కలిపి, కుంభారి దగ్గర పదివేల ఇళ్ళు సాధించుకున్నారు. 2006లో తాళాలు చేతికందాయి. తరువాత రే నగర్‌లో 30,000 ఇళ్ళు తలపెట్టగా, 2024 జనవరిలో 15,000 ఇళ్ళు అందాయి. ఇది కోహౌసింగ్ కాదు గానీ, ఒంటరిగా కానిది కలిసి ఎలా అవుతుందో చెప్పే పాఠం.

ఇంత అనుభవం ఉన్నా, కొత్తగా మొదలుపెట్టేవారు మళ్ళీ ఓనమాల దగ్గరే మొదలుపెడుతున్నారు. మహారాష్ట్రలోని ప్రతి హౌసింగ్ సొసైటీలో మినిట్స్ పుస్తకం ఉంటుంది. అందులో తీర్మానం ఉంటుంది. దాని వెనుక జరిగిన తర్జనభర్జన ఉండదు. పక్క కాలనీవారికి పనికొచ్చేది అదే.

కాబట్టి కలిసి ఉంటున్న ప్రతి కాలనీ ఏడాదికోసారి నాలుగు పేజీలు రాసిపెడితే బాగుంటుంది. నీటి ఖర్చు తలకు పంచారా, ఇంటికి పంచారా? మరమ్మతుల నిధి చాలిందా? (నమూనా ఉపవిధుల ప్రకారం సింకింగ్ ఫండ్‌కు నిర్మాణ ఖర్చులో ఏటా కనీసం 0.25 శాతం వేయాలి.) ఒకరు ఇల్లు అమ్మితే కొనేవారిని ఎలా కలుపుకున్నారు? ఒంటరి ముసలివారిని రాత్రిపూట ఆసుపత్రికి తీసుకెళ్ళే బాధ్యత ఎవరిది? ఏ ఏర్పాటు కుదరలేదు, ఎందుకు? ఈ చివరి ప్రశ్నకు జవాబే అన్నిటికన్నా విలువైనది.

ఒక్క జాగ్రత్త. ఇంటి గుట్టు వీధికెక్కకూడదు. తగవు ఎందుకొచ్చింది, ఎలా తీరిందన్నది రాయండి. ఎవరి మధ్య వచ్చిందో వద్దు. రాసింది కాలనీవారందరికీ చదివి వినిపించాకే బయటికి పంపండి.

సంఘం వార్షికోత్సవాలకు ఊరూరి నుంచి వస్తూనే ఉంటాం. ఈసారి ఫలహారాలతో పాటు ఆ నాలుగు పేజీలూ తెచ్చుకుని మార్చుకుందాం. క్వార్టరు తాళం అప్పగించే రోజు దగ్గరపడిన కుటుంబానికి, ముందు నడిచినవారి మాటకు మించిన ఆసరా ఏముంటుంది?