వరి ఎర్రబారిందా? యూరియాకు ముందు ఆకు చూడండి

నాట్లు వేసిన మూడు వారాలకు మడి పచ్చగా కమ్ముకోవాలి. అలా కాక పైరు అక్కడక్కడా గుంపులుగా గిడసబారి ఎర్రబడితే మీరేం చేస్తారు? చాలామంది చేసే పని ఒకటే. అరబస్తా యూరియా తెచ్చి చల్లుతారు. వారం చూస్తారు, పైరు తిప్పుకోదు. ఇంకో అరబస్తా పడుతుంది. అప్పటికీ లేవకపోతే ఏదో తెగులనుకుని మందు తెచ్చి కొడతారు. డబ్బు ఎలాగూ పోతుంది. అంతకన్నా విలువైనవి పిలకలు వేసే రోజులు. అవి పోతే మళ్లీ రావు.

తెగులు కాదు, ఆకలి

ఇలా ఎర్రబారడాన్ని ఉత్తరాదిలో ఖైరా అంటారు. అది తెగులు కాదనీ, నేలలో జింకు అందక వచ్చే లోపమనీ పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త డాక్టర్ వై.ఎల్. నెనె 1966లో తేల్చి చెప్పారు. మన వరి పొలాల్లోనూ ఈ లోపం మామూలే.

టన్ను ధాన్యం పండటానికి పైరు నేల నుంచి సుమారు 15-20 కిలోల నత్రజని తీసుకుంటుంది. జింకు మాత్రం 50 గ్రాములకు అటూ ఇటూ. ఇంత కొంచెమే కదా అని తీసిపారేయడానికి లేదు. చెరువు కట్ట ఎంత ఎత్తు పోసినా, గండి ఎక్కడుందో ఆ మట్టం దాకానే నీరు నిలుస్తుంది. పోషకాలూ అంతే. ఏది తక్కువైతే దాన్ని బట్టే పంట. వేర్లు తీసుకున్న నత్రజని మాంసకృత్తులుగా మారడానికి, మొక్క ఎదగడానికి జింకు కావాలి. అది లేనప్పుడు ఎంత యూరియా చల్లినా పైరు పచ్చబడదు. పైగా అదను తప్పి, మోతాదు మించి వేసిన నత్రజని అగ్గితెగులుకు, సుడిదోమకు దారి తీస్తుంది.

ఏ ఆకు చెబుతోంది?

మడిలోకి దిగి ఒక మొక్కను చేతిలోకి తీసుకుని చూడండి.

నత్రజని తక్కువైతే అడుగున ఉన్న ముదురాకు కొస నుంచి మొదలై ఆకంతా ఒకే తీరుగా పసుపు పచ్చబడుతుంది. మచ్చలుండవు. నత్రజని మొక్కలో కదిలే పోషకం. చాలనప్పుడు మొక్క ముదురాకుల్లోంచి లాగి లేతాకులకు పెడుతుంది.

పొటాష్ తక్కువైతే ముదురాకుల కొసలు, అంచులు ఎండుతాయి.

జింకు తక్కువైతే ముదురాకుల మీద మధ్య ఈనెకు ఇరుపక్కలా తుప్పు రంగు మచ్చలు వస్తాయి. లేతాకు మొదట్లో మధ్య ఈనె పాలిపోతుంది. ఆకులు చిన్నవై పెళుసుబారతాయి. వంచితే టప్పున విరుగుతాయి. దుబ్బు కట్టదు. నాటిన 2-4 వారాల్లో ఇది బయటపడుతుంది.

అనుమానం తీరకపోతే మడిలో ఓ మూల జింకు పిచికారీ చేసి చూడండి. వారం పది రోజుల్లో అక్కడి కొత్తాకులు పచ్చగా వస్తే లోపం అదే.

ఎక్కడ ఎక్కువ?

చౌడు నేలల్లో, సున్నం పాలు ఎక్కువున్న నేలల్లో, సార్వా దాళ్వా అని ఏడాది పొడవునా నీరు నిలిచే మళ్లలో ఈ లోపం ఎక్కువ. చదును చేసేటప్పుడు పైమట్టి పోయిన చోట, డి.ఎ.పి., సూపర్ ఏటా అవసరానికి మించి వేసిన చోట కూడా వస్తుంది. భాస్వరం మితిమీరితే పైరుకు జింకు అందదు. దాళ్వా నాట్లప్పుడు చలికి లోపం ఇంకా ముదురుతుంది.

ఏం చేయాలి?

లోపమున్న పొలంలో ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయాలి. 50 గ్రాములు తినే పైరుకు ఇంత ఎందుకంటారా? వేసినదాంట్లో చాలాభాగాన్ని మట్టి పట్టుకుని కొంచెం కొంచెంగా వదులుతుంది. అందుకే ప్రతి పంటకూ వేయనక్కర్లేదు. మూడు పంటలకు ఒకసారి చాలు.

డి.ఎ.పి., సూపర్‌లతో కలిపి మాత్రం చల్లవద్దు. రెంటికీ మధ్య కనీసం మూడు రోజులు ఎడం ఉండాలి.

పైరు మీద లోపం కనిపిస్తే లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున జింకు సల్ఫేటు కలిపి ఆకులు తడిసేలా పిచికారీ చేయాలి. ఎకరాకు 200 లీటర్ల నీటికి 400 గ్రాములు పడుతుంది. వారం ఎడంతో రెండు మూడు సార్లు కొట్టాలి. పురుగుమందులు ఇందులో కలపవద్దు. చౌడు లేని మళ్లలో నీరు తీసి కొద్దిగా ఆరగట్టినా పైరు తేరుకుంటుంది. సిఫారసు చేసిన యూరియాను మాత్రం మానకండి. మానాల్సింది అదనంగా గుమ్మరించేదే.

కొనేటప్పుడు సంచి మీద జింకు శాతం చదివించుకోండి. పైన చెప్పిన 20 కిలోలు 21 శాతం రకానికి. 33 శాతం రకమైతే సుమారు 13 కిలోలు సరిపోతుంది. బిల్లు అడిగి తీసుకోండి.

వేరుశనగలో తీరు వేరు

సున్నపు నేలల్లో వేరుశనగ లేతాకులు ముందు పసుపై, తర్వాత తెల్లగా పాలిపోతే అది ఇనుము లోపం. ఇనుము మొక్కలో తేలిగ్గా కదలదు. అందుకే లోపం లేతాకులో ముందు కనబడుతుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం ఎడంతో రెండుసార్లు పిచికారీ చేయాలి.

పంట కోశాక మట్టి తీయండి

ఆకు చూసి తెలుసుకునేసరికి పైరుకు కొంత దెబ్బ తగిలే ఉంటుంది. ముందుగా తెలియాలంటే భూసార పరీక్షే దారి. కోతలయ్యాక పొలంలో 8-10 చోట్ల 'వి' ఆకారంలో ఆరంగుళాల లోతు గుంట తీసి, పక్కల నుంచి మట్టి గీకి, కలిపి, అరకిలో పంపాలి. గట్ల పక్కన, పెంటకుప్పలున్న చోట తీయవద్దు. జింకు పూత పూసిన రేకు బకెట్లో వేస్తే లెక్క తప్పుతుంది. ప్లాస్టిక్ బకెట్ వాడండి. నీడలో ఆరబెట్టండి. జింకు కూడా చూడమని ప్రత్యేకంగా అడగండి.