చెస్ టోర్నీకి వెళ్తున్నారా? బ్యాగు ఇలా సర్దండి!

వారమంతా హైటెక్‌సిటీలో ఆఫీసు. శుక్రవారం రాత్రి పదింటికి ఇల్లు చేరడం. శనివారం తెల్లారగానే పిల్లల్ని తీసుకుని చెస్ టోర్నీకి పరుగు. నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్ అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు చాలా ఇళ్లలో ఇదే తంతు. ఏ ఎత్తుకు ఏ పైఎత్తు వేయాలో కోచ్ నేర్పుతారు. మరి రెండు రోజుల పాటు ఉదయం నుంచి సాయంత్రం దాకా హాల్లో గడిపే పిల్లల తిండి, నీళ్లు, నిద్ర ఎవరు చూడాలి? అది మీ వంతే. గెలుపోటములు మన చేతిలో ఉండవు. రౌండుకూ రౌండుకూ మధ్య దొరికే సమయం మాత్రం మన చేతిలోనే ఉంటుంది. బ్యాగు సర్దాల్సింది దాని కోసమే.

కూర్చుని ఆడితే అలసటేంటి?

1984 సెప్టెంబరులో మాస్కోలో కార్పోవ్, కాస్పరోవ్‌ల మధ్య మొదలైన ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోరును 48 గేమ్‌ల తర్వాత, 1985 ఫిబ్రవరిలో, ఫలితం తేలకుండానే ఆపేశారు. ఆటగాళ్లు బాగా అలసిపోయారన్నది అప్పట్లో ఫిడే చెప్పిన కారణం. పెద్ద పెద్ద ఆటగాళ్ల పరిస్థితే అదైతే, పదేళ్ల పిల్లల సంగతి చెప్పాలా?

మన శరీర బరువులో మెదడు దాదాపు 2 శాతమే. విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా శరీరం ఖర్చు చేసే శక్తిలో సుమారు 20 శాతం దానికే కావాలి. అలాగని చెస్ ఆడితే రోజుకు 6 వేల కెలోరీలు కరిగిపోతాయన్న ప్రచారాన్ని నమ్మి చాక్లెట్లు, స్వీట్లు తినిపించకండి. గట్టిగా ఆలోచించినంత మాత్రాన ఆ ఖర్చు కొద్దిగానే పెరుగుతుంది. పిల్లల్ని నీరసపరిచేది గంటల తరబడి కదలకుండా కూర్చోవడం, టెన్షన్, వేళ తప్పిన తిండి, తగ్గిన నిద్ర.

మూడు రోజుల ముందు నుంచే..

* 6-12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు, 13-18 ఏళ్ల వారికి 8 నుంచి 10 గంటల నిద్ర అవసరం. ముందు రోజు రాత్రి 'ఇంకొక్క గేమ్' అంటూ ఫోన్‌లో బ్లిట్జ్ ఆడనివ్వకండి.
* ఎన్ని రౌండ్లు, ఒక్కో ఆటకు ఎంత సమయం, భోజన విరామం ఉందా లేదా అన్నవి ముందే తెలుసుకోండి. ర్యాపిడ్‌లో ఒక్కో ఆటగాడికి 10 నిమిషాలకు పైగా, గంట లోపు సమయం ఉంటుంది. క్లాసికల్‌లో ఒక్క ఆటే మూడు నాలుగు గంటలు సాగొచ్చు. తిండి ఏర్పాటు దాన్ని బట్టే చేసుకోవాలి.
* ఆలస్యంగా వెళ్తే ఆడకుండానే ఓడినట్టు ప్రకటించే వీలుంది. టోర్నీ ఎల్బీనగర్ వైపు ఉంటే నిజాంపేట క్రాస్‌రోడ్స్ ట్రాఫిక్‌తో కుస్తీ పడే బదులు మియాపూర్‌లో మెట్రో ఎక్కడం నయం. హడావుడిగా చేరిన పిల్లలు ఆ కంగారుతోనే బోర్డు ముందు కూర్చుంటారు.

బ్యాగులో ఏముండాలి?

నీళ్లు: ఎవరి సీసా వారికే. మూత గట్టిగా ఉండాలి. ఆట మధ్యలో లేవాల్సి వస్తుందని చాలామంది పిల్లలు నీళ్లు మానేస్తారు, మూత్రం ఆపుకుంటారు. తలనొప్పికీ, మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లకూ ఇదొక కారణం. ప్రతి రౌండుకు ముందు టాయిలెట్‌కు వెళ్లడం అలవాటు చేయండి.

తిండి: ఉదయం ఇడ్లీ, ఉప్మా, గుడ్డు.. ఏదైనా రోజూ తినేదే పెట్టండి. కొత్త వంటలు ఆ రోజు వద్దు. మధ్యాహ్నానికి చపాతీ, కూర లేదా పులిహోర. ఎండాకాలంలో పెరుగన్నం, పాలతో చేసినవి మామూలు డబ్బాలో గంటల తరబడి ఉంచితే పాడవుతాయి. రౌండ్ల మధ్య అరటిపండు, జామకాయ, పల్లీపట్టి, వేయించిన శనగలు కొద్దికొద్దిగా ఇవ్వండి. క్యాంటీన్ సమోసా, కూల్‌డ్రింక్ అప్పటికి ఉత్సాహాన్నిచ్చినా తర్వాత మత్తుగా అనిపిస్తుంది. ఎనర్జీ డ్రింకులైతే అసలే వద్దు. పిల్లలకు తగవని వాటి డబ్బా మీదే రాసి ఉంటుంది.

బట్టలు: ఏసీ చలికి పల్చటి స్వెట్టర్. ఏసీ లేని హాలైతే చెమట తుడుచుకునేందుకు నూలు రుమాలు.

పరికరాలు: రెండు పెన్నులు, కళ్లజోడు, గుర్తింపు కార్డు. ఎవరికైనా జలుబు ఉంటే మాస్కు. ఒకే పావులను, గడియారాలను ఎన్నో చేతులు తాకుతాయి కాబట్టి తినే ముందు సబ్బుతో చేతులు కడిగించండి.

మందులు: ఆస్తమా ఉంటే ఇన్‌హేలర్ చేతికందేలా ఉండాలి. నిద్ర తెప్పించే జలుబు మందులు ఆట రోజు సొంతంగా వేయకండి. టైప్-1 డయాబెటిస్ ఉన్న పిల్లలు ఫోన్‌తో పనిచేసే గ్లూకోజ్ సెన్సర్ వాడుతుంటే డాక్టరు చీటీ చూపించి ఆర్బిటర్‌తో ముందే మాట్లాడండి. ఎలక్ట్రానిక్ పరికరాలపై నిబంధనలు కఠినం. అనుమతి లేకుండా ఒంటి మీద ఫోన్ దొరికితే ఆట కోల్పోవాల్సి వస్తుంది.

విరామంలో ఏం చేయాలి?

బయటికి తీసుకెళ్లి పది నిమిషాలు నడిపించండి. దూరంగా ఉన్న చెట్టునో, భవనాన్నో చూడమనండి. కళ్లకు, మెడకు ఊరట దొరుకుతుంది. అప్పుడే ముగిసిన ఆటను ఫోన్‌లో పెట్టి తప్పులు వెతకడం ఆ రోజుకు ఆపండి. ఆ పని ఇంటికెళ్లాక కోచ్‌తో చేయొచ్చు.

ఓడి బయటికొస్తే..

మన దగ్గర ఎక్కువ టోర్నీలు స్విస్ పద్ధతిలో జరుగుతాయి. ఓడినా ఇంటికి పంపరు. దాదాపు సమానమైన పాయింట్లున్న వారితో మళ్లీ ఆడిస్తారు. అంటే ఏడుస్తూ వచ్చిన బిడ్డ గంటలో మళ్లీ బోర్డు ముందు కూర్చోవాలి. 'ఇంత ఫీజు కట్టాం' అన్న మాట అప్పుడు అనకూడదు. 'గెలిచావా?' కన్నా ముందు 'నీళ్లు తాగావా?' అని అడగండి. కోనేరు హంపి 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో జరిగిన ప్రపంచ ర్యాపిడ్ పోటీలో తొలి రౌండ్‌లోనే ఓడిపోయింది. ఆ తర్వాత కోలుకుని 11 రౌండ్లలో 8.5 పాయింట్లతో టైటిల్ గెలిచింది. ఈ సంగతి మీ పిల్లలకు చెప్పండి.

మీ సంగతేంటి?

రోజంతా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని టీలతో సరిపెట్టుకునే అమ్మానాన్నలే ఎక్కువ. మీ బీపీ, షుగర్ మాత్రలు, మీ భోజనం డబ్బా కూడా అదే బ్యాగులో పెట్టుకోండి. గంటకోసారి లేచి నడవండి. మీ ముఖంలో కంగారును పిల్లలు ఇట్టే పసిగడతారు.

డాక్టరును ఎప్పుడు కలవాలి?

ప్రతి టోర్నీకి ముందూ కడుపునొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం ఉంటే 'నాటకాలు' అని కొట్టిపారేయకండి. ఒత్తిడి ఇలా బయటపడొచ్చు. పిల్లల డాక్టరుకు చూపించి, కొన్నాళ్లు టోర్నీలు తగ్గించండి. ఆడినప్పుడల్లా తలనొప్పి వస్తుంటే కంటిచూపు పరీక్ష చేయించండి.

ఆదివారం ప్రైజుల కార్యక్రమం ముగిసి ఇల్లు చేరేసరికి రాత్రవుతుంది. సోమవారం మళ్లీ బడి ఉంటుంది. కప్పు వచ్చినా రాకపోయినా వేడిగా నాలుగు ముద్దలు తినిపించి త్వరగా పడుకోబెట్టండి. ఆటల గురించి మాట్లాడుకోవడానికి మంగళవారం సాయంత్రం ఉండనే ఉంది.